ఒకే డీఎన్ఏ, కణానికో స్విచ్: హిస్టోన్ డేటాని మీ ల్యాప్‌టాప్‌లోనే పోల్చి చూడటం ఎలా?

వైజాగ్‌లో బయోటెక్, జువాలజీ చదివే పిల్లలు చాలామంది హిస్టోన్ డేటా చూడటం అంటే పెద్ద సర్వర్లున్న ల్యాబుల్లోనే అవుద్ది అనుకుని అసలు మొదలే పెట్టరు, కానీ మనిషి డీఎన్ఏలో ఏ ముక్క ఏం పని చేస్తుందో వెతకడానికి 2003లో మొదలైన ఎన్‌కోడ్ ప్రాజెక్ట్ వాళ్ళు డేటా మొత్తం ఫ్రీగా పెట్టారు కాబట్టి మామూలు ల్యాప్‌టాపూ ఇంట్లో నెట్టూ ఉంటే చాలు.

డీఎన్ఏ దేని చుట్టూ చుట్టుకుని ఉంటుందో ఆ ప్రోటీన్లే హిస్టోన్లు, వాటి మీదున్న రసాయన గుర్తుల్ని బట్టి ఆ కణంలో ఏ జీన్ ఆన్‌లో ఉందో తెలుస్తుంది. ముందు మూడు గుర్తులు తెలిస్తే పనైపోద్ది. హెచ్3కె4ఎంఈ3 ఉంటే అక్కడ జీన్ మొదలయ్యే ప్రమోటర్ ఉన్నట్టు, హెచ్3కె27ఏసీ ఉంటే ఆ ప్రమోటరో ఎన్‌హాన్సరో (జీన్ పనిని పెంచే డీఎన్ఏ ముక్క) ఇప్పుడు పనిచేస్తున్నట్టు, హెచ్3కె27ఎంఈ3 ఉంటే ఆ జీన్‌ని నొక్కి పెట్టినట్టు.

ఇప్పుడు ఐజీవీ అనే ఫ్రీ జీనోమ్ బ్రౌజర్ ఓపెన్ చేసి జీనోమ్ హెచ్‌జీ38 (మనిషి జీనోమ్ మ్యాప్‌లో ఒక వెర్షన్) పెట్టండి. ఎన్‌కోడ్ నుంచి లోడ్ చేసే మెనూలో కె562, జీఎం12878 రెండిటికీ హెచ్3కె27ఏసీ ట్రాకులు తీసుకోండి, మొదటిది లుకేమియా కణం, రెండోది బీ-కణం (రోగనిరోధక శక్తినిచ్చే తెల్ల రక్త కణం). రెండూ కంట్రోల్‌తో పోల్చిన ఫోల్డ్ చేంజ్ (సిగ్నల్ ఎన్ని రెట్లుందో చెప్పే) ఫైళ్ళే అవ్వాలి, పాత వెర్షన్ హెచ్‌జీ19 ఫైల్ ఒకటి కలిసిందంటే గుర్తులన్నీ తప్పు చోట కనిపిస్తాయి. ఆ తర్వాత రెండు ట్రాకులూ సెలెక్ట్ చేసి గ్రూప్ ఆటోస్కేల్ నొక్కండి, ఇది అస్సలు వదలొద్దు, లేకపోతే ఒక్కోదానికీ ఎత్తు కొలత వేరుగా ఉండి చిన్న గుట్ట కూడా కొండలా కనిపిస్తుంది.

సెర్చ్‌లో హెచ్‌బీజీ1 కొట్టండి. అది పుట్టకముందు వాడే హిమోగ్లోబిన్ జీన్, కె562లో అక్కడ సిగ్నల్ నిటారుగా లేస్తుంది, జీఎం12878లో చదునుగా ఉంటుంది. బీ-కణాల జీన్ సీడీ19 కొడితే అదే బొమ్మ తిరగబడుతుంది.

కంటితో చూశాక లెక్క. పీక్ ఫైళ్ళు (సిగ్నల్ లేచిన చోట్ల జాబితాలు) రెండూ దించి, బెడ్‌టూల్స్ అనే ఫ్రీ ప్రోగ్రామ్‌లో ఇంటర్‌సెక్ట్ కమాండ్‌కి మైనస్ వీ ఇస్తే ఒకదాంట్లోనే ఉన్నవి మిగులుతాయి, వాటినీ జీన్ల జాబితా ఫైల్‌నీ సార్ట్ చేసి క్లోజెస్ట్ కమాండ్ నడిపితే దగ్గరి జీన్ పేరొస్తుంది. దగ్గరున్న జీనే ఆ ఎన్‌హాన్సర్‌ది అని మాత్రం రాసెయ్యకండి, ఎన్‌హాన్సర్లు దూరంగా ఉన్న జీన్‌ని కూడా నడిపిస్తాయి, అందుకే ఏ జీన్ ఎంత పనిచేస్తోందో కొలిచే ఆర్ఎన్ఏ-సీక్ డేటాతో సరిచూడాలి. గుర్తులన్నీ కలిపి చూడాలంటే క్రోమ్‌హెచ్ఎంఎం అనే ప్రోగ్రామ్ ఉంది, జీనోమ్‌ని 200 బేస్‌ల ముక్కలు చేసి ఒక్కోదానికీ స్థితి చెప్తుంది.

ఇంత కష్టం దేనికంటే, మన పాడేరు, అరకు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది, అది హిమోగ్లోబిన్ పాడయ్యే జబ్బు కాబట్టి పుట్టకముందు వాడే హిమోగ్లోబిన్‌ని మళ్ళీ ఆన్ చేస్తే మేలు. బీసీఎల్11ఏ జీన్ ఆ పుట్టకముందు హిమోగ్లోబిన్‌ని ఆపేస్తుంది, అదే జీన్ బీ-కణాలకి కూడా కావాలి కాబట్టి పూర్తిగా తీసేయలేం. కానీ దాని రెండో ఇంట్రాన్‌లో (జీన్ లోపల ప్రోటీన్‌కి వాడని ముక్క) ఉన్న ఒక ఎన్‌హాన్సర్ ఎర్ర రక్త కణాల దారిలోనే పనిచేస్తుంది, డీఎన్ఏని కోసే క్రిస్పర్‌తో దాన్నొక్కదాన్నే దెబ్బతీసే కాస్‌జెవీ అనే సికిల్ సెల్ చికిత్సకి 2023లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. మీరు ఆ ఎన్‌హాన్సర్ చూడాలనుకుంటే మటుకు కె562 వద్దు, అది ఇప్పటికీ పుట్టకముందు రకం హిమోగ్లోబినే చేసే క్యాన్సర్ కణం, మనిషి నుంచి తీసి పెంచిన ఎరిత్రోబ్లాస్ట్ (ఎర్ర రక్త కణంగా మారబోయే కణం) డేటా వెతికి బీ-కణం పక్కన పెట్టండి.