అరటి దవ్వ రసం, కొండపిండి కషాయం: మూత్రం సాఫీగా రావడానికి పెరటి మొక్కలను ఎలా వాడాలి?

ఎండాకాలంలో మూత్రం ముదురు పసుపు రంగులో, కొద్దికొద్దిగా, చురుక్కుమంటూ వస్తే మన ఇళ్లలో "వేడి చేసింది" అంటారు. చాలాసార్లు దీనికి ఒంట్లో నీళ్లు తగ్గడమే కారణం. పెరటి మొక్కల రసాలూ కషాయాలూ ప్రధానంగా ఆ నీటిని లోపలికి పంపే మార్గాలేనని గ్రహిస్తే, వాటి నుంచి ఎంత ఆశించాలో, ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

ముందుగా ఇవి మీకు తగినవో కాదో తేల్చుకోండి. చలిజ్వరం, నడుముకు ఒక పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం, మూత్రం బిగుసుకుపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కషాయం మాట పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులు, చిన్నపిల్లలు, షుగరు ఉన్నవారు, మూత్రం ఎక్కువగా రావడానికి మాత్రలు వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా వీటి జోలికి పోకూడదు. అరటి దవ్వలో పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది ప్రమాదం. ఆ జబ్బు ముదిరే దాకా పైకి తెలియకపోవచ్చు. ముఖ్యంగా కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంవారు ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

అరటి దవ్వ గెల కోసిన చెట్టు నుంచే తీసుకోవాలి. ఒకసారి గెల వేసిన చెట్టు ఎలాగూ మళ్లీ కాయదు. చేతులకు నూనె రాసుకుని, పాత బట్టలే కట్టుకోండి, అరటి పసరు మరక ఉతికినా పోదు. పొరలన్నీ ఒలిచాక మధ్యలో తెల్లగా, చల్లగా తగిలే ఊచ మిగులుతుంది. దాన్ని చక్రాల్లా తరుగుతుంటే ప్రతి చక్రం వెంటా సాలెగూటి దారంలాంటి నార సాగుతుంది. ఆ నారను చూపుడు వేలికి చుట్టుకుంటూ లాగేసి, ముక్కలు నల్లబడకుండా వెంటనే పల్చటి మజ్జిగలో వేయాలి. రెండు గుప్పెళ్ల ముక్కలను గ్లాసున్నర మజ్జిగతో మిక్సీలో తిప్పి, వడకట్టి, చిటికెడు జీలకర్ర పొడి కలిపి తాగండి. ఉప్పు వేయకపోవడమే మేలు. వారానికి రెండు మూడుసార్లు ఒక గ్లాసు చాలు.

కొండపిండి మోకాలెత్తు లోపే పెరిగే కలుపు మొక్క. చిన్న ఆకుల మీద బూడిదరంగు నూగు, కణుపుల దగ్గర దూది అంటించినట్లు తెల్లని పూత దాని గుర్తులు. గుర్తుపట్టడంలో ఏ కొంచెం అనుమానమున్నా వాడకండి. పురుగుమందు పడిన గట్ల మీదా, రోడ్డు పక్కనా పెరిగినదాన్ని కోయకండి. గుప్పెడు ఆకును బాగా కడిగి, అరలీటరు నీళ్లలో సన్నని సెగపై సగం అయ్యేదాకా మరిగించి, వడకట్టి, రెండు పూటలుగా తాగాలి. మూడు రోజులకు మించి కొనసాగించకండి. కొండను పిండి చేస్తుందన్న పేరును నమ్మి, కిడ్నీలో రాళ్లు కరుగుతాయని దీన్ని నెలల తరబడి తాగేవారున్నారు. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయి, ఆ ఘనత ఆకుకు దక్కుతుంది.

ఇదంతా శ్రమ అనుకుంటే, ఒక వంతు ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, ఆరు వంతుల నీళ్లలో రాత్రి నానబెట్టి, ఉదయం వడకట్టి తాగండి. ఆయుర్వేదం దీన్నే హిమం అంటుంది.

రణపాల ఆకు నమలమని చెప్పేవారు మాత్రం ఎక్కువ. తెల్లవారుజామున పుల్లగా ఉండే ఆ ఆకు మధ్యాహ్నానికి చప్పబడుతుంది. ఒకప్పుడు సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హెయిన్ ఈ వింతను గమనించి రాసిన ఉత్తరం 1815లో అచ్చయింది. వింత సంగతి అలా ఉంచితే, ఆ మొక్కలో గుండె మీద పనిచేసే విష పదార్థాలున్నాయి. గుండె మందులు వాడేవారు దాన్ని ముట్టుకోకూడదు, మిగతావారికీ నేను సూచించను.

ఏది తాగినా మామూలు నీళ్లు తగ్గించకండి. రాళ్లు వచ్చినవారికి రోజుకు 2.5 లీటర్ల మూత్రం వెళ్లేలా తాగమని వైద్యులు చెబుతారు, మన ఎండల్లో అందుకు 3 లీటర్లకు పైనే కావాలి. గుండె, కిడ్నీ జబ్బులవారు మాత్రం వైద్యుడు చెప్పిన కొలత దాటరాదు. రెండు రోజులకూ మంట తగ్గకపోతే ఇన్‌ఫెక్షన్ అయివుండవచ్చు. మిగిలిన పాత యాంటీబయాటిక్ మాత్ర వేసుకోకుండా, ముందు మూత్రాన్ని కల్చర్ పరీక్షకు ఇవ్వండి. మాత్ర పడ్డాక ఇస్తే బాక్టీరియా దొరకకపోవచ్చు.