పాత జర్మన్ కారు కొంటున్నారా? అడ్వాన్స్ చేతిలో పెట్టే ముందు ఇవి చూడండి

మా చిన్నాన్న కొడుకు మూడేళ్ల కిందట ఎనిమిదేళ్ల వయసున్న ఒక జర్మన్ సెడాన్ కొన్నాడు. కొత్తలో 45 లక్షలు పలికిన బండి 12 లక్షలకే వస్తోందని ఫోనులో చెప్పి, "ఒక్కసారి వచ్చి చూడు అన్నా, ఆదివారం అడ్వాన్స్ ఇచ్చేస్తాను" అన్నాడు. ఆ ఆదివారం నాకు వీలుపడలేదు. వాడు రంగు చూశాడు, తోలు సీట్లు చూశాడు, సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చుకున్నాడు. తొలకరి పడగానే డాష్‌బోర్డు మీద ఒక్కొక్క హెచ్చరిక దీపం వెలగడం మొదలైంది. షెడ్డులో కార్పెట్ ఎత్తి చూస్తే అడుగున ఎండిన బురద, కంట్రోల్ పెట్టె కనెక్టర్లకు పచ్చటి చిలుము. ఆ బండి అంతకుముందు ఎక్కడో వరదలో మునిగి తేలింది. మరమ్మతు అంచనా నాలుగు లక్షల పైమాటే. నేను వెళ్లి ఉంటే ఆ కార్పెట్ ఆ రోజే ఎత్తేవాణ్ణి. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఎంత దూరమైనా వెళ్లి చూస్తున్నాను. అలా చూస్తూ నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక లెక్క మనసులో ఉంచుకోండి. కారు వయసు పెరిగేకొద్దీ దాని ధర పడిపోతుంది, విడిభాగాల ధర పడిపోదు. 12 లక్షలకు కొన్న కారైనా గేర్‌బాక్స్ పాడైతే 45 లక్షల కారుకు అయ్యే ఖర్చే అవుతుంది. అందుకే "జర్మన్ కార్లు నమ్మకమైనవేనా?" అని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పను. ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ సంవత్సరం, ఎన్ని చేతులు మారింది, ఏ ఊళ్లో తిరిగింది అని తిరిగి అడుగుతాను. ఒకే కంపెనీ, ఒకే మోడల్, రెండేళ్ల తేడాతో తయారైన రెండు కార్లలో ఒకటి రెండు లక్షల కిలోమీటర్లు నిశ్చింతగా తిరుగుతుంది, మరొకటి లక్ష దాటకముందే ఇంజిన్ దించమంటుంది.

జర్మనీలో వచ్చే నివేదికలు చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లను చాలామందిని చూశాను. అక్కడ కొత్త కారుకు మూడేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండేళ్లకోసారి తప్పనిసరి తనిఖీ ఉంటుంది. టీయూవీ అనే తనిఖీ సంస్థ ఏటా ప్రకటించే జాబితా ఆ తనిఖీల ఫలితమే. అందులో ప్రధానంగా లెక్కకు వచ్చేవి బ్రేకులు, దీపాలు, సస్పెన్షన్, నూనె కారడం వంటి భద్రతా లోపాలు. గేర్‌బాక్స్ కోసం యజమాని ఎన్ని లక్షలు పోశాడన్నది అందులో కనిపించదు. ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం దారిలో ఆగిపోయిన కార్ల లెక్కలు వేస్తుంది. వాటిలో నలభై శాతానికి పైగా బ్యాటరీ కారణంగా ఆగినవే. పైగా అక్కడి కారు చల్లటి గాలిలో ఆటోబాన్ అనే హైవే మీద పరుగెత్తినది. మన కారు మే నెల ఎండలో కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి అంగుళం అంగుళం పాకినది. ఆ లెక్కలు అక్కడివాళ్లకు పనికొస్తాయి. జర్మనీలో ఉంటున్న మనవాళ్లు అక్కడే పాత కారు కొనేటప్పుడు తప్పకుండా చూసుకోవాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనేవాళ్లు మాత్రం వాటి మీద ఆధారపడవద్దు.

ఇంజిన్ పేరు అడగండి

కారు పేరు కంటే ఇంజిన్ కోడ్ ముఖ్యం. ఛాసిస్ నంబరు ఇస్తే సర్వీసు సెంటర్‌లో చెబుతారు, కారులోని కంప్యూటర్‌ను చదివే స్కానర్ పెట్టినా తెలుస్తుంది.

బీఎండబ్ల్యూ డీజిల్ కార్లలో 2007 నుంచి వచ్చిన ఎన్47 ఇంజిన్‌కు టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ వాల్వులను సమయానికి తెరిపించి మూయించే గొలుసు, వెనుక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. 320డి, 520డి, ఎక్స్1, ఎక్స్3 బండ్లలో మన దేశానికీ ఇది వచ్చింది. ముఖ్యంగా తొలి ఏళ్లలో తయారైనవాటిలో ఆ చైన్, దాని ప్లాస్టిక్ గైడ్లు త్వరగా అరిగాయి. చైన్ మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించాలి. అరుగుదలను పట్టించుకోకపోతే చైన్ తెగి ఇంజిన్ మొత్తం పోతుంది. తర్వాత వచ్చిన బి47 ఈ విషయంలో మెరుగు. అయితే బీఎండబ్ల్యూ డీజిల్ ఇంజిన్లలో ఈజీఆర్ కూలర్, అంటే తిరిగి ఇంజిన్‌లోకి వెళ్లే పొగను చల్లబరిచే భాగం, కారి మంటలు అంటుకునే ప్రమాదం ఉందని 2018లో దక్షిణ కొరియాలో పెద్ద గొడవ జరిగింది. కంపెనీ అనేక దేశాల్లో కార్లను వెనక్కి పిలిచి ఆ భాగం మార్చింది. మీరు చూస్తున్న కారుకు ఆ పని జరగాల్సి ఉంటే జరిగిందో లేదో అడగండి.

ఆడి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలోని ఈఏ888 పెట్రోల్ ఇంజిన్ రెండో తరంలో పిస్టన్ రింగులు సన్నగా ఉండి నూనె తాగేవి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు వరకు మామూలేనని ఆడి మాన్యువల్‌లో రాసుంటుంది. అంటే పదివేల కిలోమీటర్ల సర్వీసు లోపు ఐదు లీటర్లు! "సర్వీసుకూ సర్వీసుకూ మధ్య ఎన్ని లీటర్ల ఆయిల్ పోస్తారు?" అని అమ్మేవాణ్ణి మామూలుగా, మాటల మధ్యలో అడగండి. అలవాటుగా పోస్తున్న మనిషి తడుముకోకుండా చెప్పేస్తాడు.

మెర్సిడెస్‌లో 2008 తర్వాత వచ్చిన ఓఎం651 డీజిల్ ఇంజిన్‌కు తొలి ఏళ్లలో బిగించిన డెల్ఫై కంపెనీ పియెజో ఇంజెక్టర్లు, అంటే డీజిల్‌ను లోపలికి చిమ్మే భాగాలు, బాగా ఇబ్బంది పెట్టాయి. కంపెనీయే తర్వాత వేరే రకానికి మారింది. మార్చిన బిల్లు ఉంటే భయం లేదు. ఫోక్స్‌వ్యాగన్ ఈఏ189 డీజిల్ కథ అందరికీ తెలిసిందే. 2015లో పొగ పరీక్షల మోసం బయటపడ్డాక మన దేశంలోనూ సుమారు 3.23 లక్షల కార్లను సరిచేస్తామని కంపెనీ ప్రకటించింది. ఆ సాఫ్ట్‌వేర్ మార్పు జరిగిన తేదీ సర్వీసు రికార్డులో ఉండాలి.

ఇక గేర్‌బాక్స్. నేను అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెడతాను. పోలో జీటీ టీఎస్ఐ, వెంటో, ఆక్టేవియా, సూపర్బ్ వంటి కార్లలో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, కోడ్ పేరు డీక్యూ200, నూనెలో తడవని రెండు పొడి క్లచ్‌లతో పనిచేస్తుంది. ట్రాఫిక్‌లో కొద్దికొద్దిగా జరుపుతూ పోతుంటే ఆ క్లచ్‌లు వేడెక్కి అరుగుతాయి. దాన్ని నడిపే మెకట్రానిక్ అనే ఎలక్ట్రానిక్, హైడ్రాలిక్ భాగం పోతే ఖర్చు లక్షల్లోకి వెళుతుంది. సింథటిక్ నూనె వల్ల అందులో విద్యుత్ లోపాలు వస్తున్నాయని 2013లో ఫోక్స్‌వ్యాగన్ ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కార్లను పిలిచి మినరల్ ఆయిల్ పోసింది. ఈ గేర్‌బాక్స్ ఉన్న కారును ఖాళీ రోడ్డు మీద నడిపి చూడటం దండగ. రద్దీ వేళ తీసుకెళ్లండి. అరగంట పాకించండి. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆపి, బ్రేకు వదిలి మెల్లగా కదిలించండి. సెల్లారు వాలు మీద రివర్స్ ఎక్కించండి. ఒకటి నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వణికినా, కదలడానికి ముందు తటపటాయించినా ఆ బండి వద్దు.

దీనికి పూర్తి భిన్నంగా, బీఎండబ్ల్యూలోనూ కొన్ని ఆడి కార్లలోనూ వచ్చే జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ గట్టిది. దీని నూనె జీవితాంతం మార్చనక్కర్లేదని కారు కంపెనీ చెబుతుంది. గేర్‌బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. నేను తయారుచేసినవాడి మాటే వింటాను. లక్ష దాటిన కారుకు గేర్ ఆయిల్ మార్చిన బిల్లు ఉందంటే ఆ యజమాని బండిని నిజంగా ప్రేమించాడని అర్థం.

చల్లటి ఇంజిన్ దగ్గరికే వెళ్లండి

చూడటానికి ఉదయం పూటే వెళ్లండి, బండి స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే, మీకోసం ముందే వేడి చేసి ఉంచారు. మరో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. అరిగిన చైన్ చప్పుడు, ఇంజెక్టర్ల తడబాటు, నీలం పొగ మొదటి అర నిమిషంలోనే బాగా బయటపడతాయి. ఆ అర నిమిషం ఏసీ, పాటలు ఆపేసి వినండి.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న బండి అయితే రాత్రంతా నిలబెట్టిన చోటే చూడాలి. ఒక మూల కుంగి ఉంటే గాలి కారుతోంది. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి చూడండి. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ సక్రమంగా ఉన్న డీజిల్ కారుకు దట్టమైన నల్లమసి అంటదు. అంటితే ఫిల్టర్ చెడిందో, కోసి తీసేశారో అనుకోవాలి. టైరు మీద డాట్ అన్న గుర్తు ఉన్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మీటరులో 30 వేలు చూపిస్తూ నాలుగు టైర్లూ కొత్తవైతే ఆ మీటరును అనుమానించాలి.

మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్‌తో జరిగే పని. అయితే చాలా జర్మన్ కార్లు తిరిగిన దూరాన్ని ఒక్క డాష్‌బోర్డులోనే కాకుండా ఇతర కంట్రోల్ పెట్టెల్లోనూ రాసుకుంటాయి. మంచి స్కానర్ ఉన్న మెకానిక్ వాటిని పోల్చి చూడగలడు. రోడ్డు పక్క దొరికే చవక స్కానర్ అన్ని పెట్టెలనూ చదవలేదు. ఆ బ్రాండుకు పనిచేసే స్కానర్ ఉన్నవాణ్ణే, రెండు మూడు వేలు ఇచ్చి వెంట తీసుకెళ్లండి. ఇంకో మాట. స్కాన్ చేస్తే ఒక్క లోపం కూడా కనిపించకుండా ఉండి, కారు తనకు తాను చేసుకునే పరీక్షలు పూర్తి కాలేదని చూపిస్తే, పొద్దునే ఎవరో లోపాల జాబితాను తుడిచేసి ఉండవచ్చు. నడిపి వచ్చాక మళ్లీ స్కాన్ చేయించండి.

నీళ్లు తాగిన బండి

2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగాయి. ప్రతిసారీ వేలాది వాహనాలు నీళ్లలో నానాయి. వాటిలో బీమా కంపెనీలు పూర్తిగా పోయిందని తేల్చినవి కూడా వేలంలో అమ్ముడై, బాగుచేయించుకుని, మరో ఊళ్లో మళ్లీ రోడ్డెక్కగలవు. మామూలు కారుకంటే జర్మన్ కారుకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. ఎలక్ట్రానిక్ పెట్టెలు చాలావాటిలో ముందు సీటు కింద, కార్పెట్ అడుగున, డిక్కీ అడుగున ఉంటాయి. బీఎండబ్ల్యూల్లో బ్యాటరీ కూడా తరచుగా డిక్కీలోనే. మడమ లోతు నీళ్లు లోపలికి చేరినా చాలు. లోపం వెంటనే రాదు. ఆరు నెలల తర్వాత చిలుము పట్టాక ఒకటొకటిగా బయటపడుతుంది.

అందుకే టార్చిలైటు పట్టుకెళ్లండి. సీటు బెల్టును చివరికంటా లాగండి. రోజూ బయటికి రాని ఆ భాగం మీద బురద గీత ఉందేమో చూడండి. సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉందా? డిక్కీ మూత తీసి, స్టెప్నీ గుంటలో ఇసుక ఉందా? కార్పెట్ మూల పైకెత్తి అడుగున ఉన్న స్పాంజిని నొక్కండి. లోపల అగరుబత్తిలా ఘాటైన సెంటు వాసన వస్తోందంటే ఏదో వాసనను కప్పుతున్నారని నేను గట్టిగా అనుమానిస్తాను. మా తమ్ముడి బండిలోనూ ఆ రోజు అదే వాసన వచ్చిందట.

సన్‌రూఫ్ ఉన్న బండికి వరద కూడా అక్కర్లేదు. దాని చుట్టూ ఉండే నీటి గొట్టాలు దుమ్ముతో, వేపాకులతో పూడుకుపోతే వాన నీరు నేరుగా లోపలికి దిగుతుంది. ఒక మగ్గు నీళ్లు ఆ గాడిలో పోసి చక్రాల దగ్గర కారుతున్నాయో లేదో చూడండి. యజమాని ఒప్పుకోకపోతే అదీ ఒక సమాధానమే.

కాగితాలు

"డాక్టరు గారి కారు, ఒక్క చెయ్యే" అనే మాట నమ్మవద్దు. ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఎన్నో యజమానో, ఫైనాన్స్ తీరిందో, బీమా ఎప్పటివరకో తెలుస్తుంది. పాత బీమా పత్రం అడిగి నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతో చూడండి. నాలుగేళ్లుగా ఒకరి పేరునే ఉన్న బండికి అది సున్నా అయితే, గడిచిన ఏడాది ఏదో క్లెయిమ్ జరిగి ఉండే అవకాశం ఎక్కువ. అది దేనికో తెలియాలి. సర్వీసు చరిత్రను యజమాని చేతే కంపెనీ సర్వీసు సెంటర్ నుంచి తెప్పించండి. అందులో రెండేళ్ల ఖాళీ కనిపిస్తే ఆ కాలపు బిల్లులు చూపించమనండి.

ఢిల్లీ నంబరు బండి చవకగా వస్తుంటే ఎందుకో అర్థం చేసుకోండి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై 2015 నుంచి ఆంక్షలు మొదలై, 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించడంతో మంచి కార్లు కూడా దక్షిణాదికి దిగువ ధరకు వచ్చాయి. కొనకూడదని కాదు. అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం), అంటే ఫారం 28, చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి, జీవితకాల పన్ను కట్టాలి. ఖరీదైన కారుకు ఆ పన్నే బేరంలో మిగిలిందంతా మింగేయవచ్చు. లోను ఉన్న బండికి బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 కావాలి. బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకున్నాక, బండి మీ చేతికి వచ్చిన తేదీ, గంట, మీటరు రీడింగ్ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. అంతకుముందు నిమిషం వరకు పడిన చలానాలు అమ్మినవాడివి.

బేరం ముగించే ముందు కారు ధరలో కనీసం పావు వంతు బ్యాంకులో విడిగా ఉందో లేదో చూసుకోండి. 12 లక్షల బండికి 3 లక్షలు. అది లేకపోతే 9 లక్షల బండి చూడండి. ఏడేళ్లు దాటిన కారుకు మార్చిన భాగాల పూర్తి ధర చెల్లించే బీమా చాలా కంపెనీలు ఇవ్వవు. ఇంజిన్‌లోకి నీళ్లు చేరితే ఆదుకునే అదనపు కవరు దొరుకుతుందేమో కొనకముందే ఏజెంటును అడగండి. దొరికితే వానాకాలం రాకముందే తీసుకోండి.