డిస్క్ ఆపరేషన్ తర్వాత: ఫలితాన్ని కొలుచుకోవడం, మళ్లీ జారకుండా చూసుకోవడం

నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 దగ్గరగాని ఎల్5-ఎస్1 దగ్గరగాని (ఇవి వెన్నుపూసల గుర్తులు) జారి నరాన్ని నొక్కుతున్న డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ముక్కను తీసేది ముఖ్యంగా కాలిలోకి దిగే నొప్పి తగ్గడం కోసం. అందువల్ల ఆపరేషన్ ఫలితాన్ని నడుముతో కాక కాలితో కొలవాలి. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి కాలి నొప్పి బాగా తగ్గుతుంది. తిమ్మిరి పోవడానికి మాత్రం నెలలు పట్టవచ్చు, కొందరికి కొంత మిగిలిపోతుంది కూడా. ఈ తేడాను ఆపరేషన్‌కు ముందే రోగికి విడమరిచి చెప్పాలని నా గట్టి నమ్మకం.

వందమందిలో సుమారు 5 నుంచి 15 మందికి అదే చోట డిస్క్ మళ్లీ జారుతుంది. సర్జన్ తీసేది బయటికి వచ్చిన ముక్కను, దానితోపాటు వదులుగా ఉన్న భాగాన్ని మాత్రమే. డిస్క్ చుట్టూ ఉన్న గట్టి పొరలోని చిల్లును చాలామందిలో కుట్టరు, లోపలి గుజ్జు కొంత అలాగే ఉంటుంది. చిల్లు పెద్దదైతే ప్రమాదం ఎక్కువ కనుక, డిశ్చార్జి రోజున సర్జన్‌ను దాని పరిమాణం అడగండి. పొగతాగే అలవాటు ఉంటే మానేయాలి.

మంచం మీద నుంచి లేచేటప్పుడు మోకాళ్లు మడిచి, భుజాలూ తుంటీ కలిసి తిరిగేలా పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించుతూ చేతితో పరుపును నొక్కి పైకి లేవాలి. ఆపరేషన్ మర్నాటి నుంచే కొద్దికొద్దిగా నడక పెంచవచ్చు. సర్జన్ వేరే గడువు చెప్పకపోతే తొలి ఆరు వారాలు నీళ్ల బిందె ఎత్తడం, వంగి ఇల్లు ఊడవడం, కింద కూర్చుని పక్కకు తిరిగి వస్తువు అందుకోవడం మానాలి.

రోజూ సాయంత్రం కాలి నొప్పికీ నడుము నొప్పికీ విడివిడిగా పదికి ఎంతో నోట్‌బుక్‌లో రాయండి. నడక కుదిరాక, గోడ పట్టుకుని మడమల మీద, మునివేళ్ల మీద నిలబడి చూడండి: మడమల మీద నిలవలేకపోతే ఎల్5 నరం, మునివేళ్ల మీద నిలవలేకపోతే ఎస్1 నరం బలహీనపడి ఉండవచ్చు.

తగ్గిన కాలి నొప్పి మళ్లీ మొదలైతే డాక్టరుకు చూపించండి. అవసరమైతే కాంట్రాస్ట్ (స్కాన్‌లో తేడా తెలిసేలా రక్తనాళంలోకి ఎక్కించే మందు) ఇచ్చి ఎమ్మారై తీస్తారు; అందులో పాత గాయపు మచ్చ మెరుస్తుంది, కొత్తగా జారిన ముక్క సాధారణంగా మెరవదు. మళ్లీ జారినా కొందరికి మందులు, ఫిజియోథెరపీతో తగ్గుతుంది. రెండు మూడు వారాల తర్వాత నడుము నొప్పి రోజురోజుకూ పెరుగుతూ, జ్వరం కూడా వస్తే ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోయినా, పాదం హఠాత్తుగా పైకి లేవకపోయినా, అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.