పర్లాకిమిడి మైదానంలో ప్రత్యేక బాలలకు పరుగు నేర్పే విధానం

2024లో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవారి విభాగం) పరుగును 55.07 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచిన జీవాంజి దీప్తి గురించి విని, ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో తమ బిడ్డను మైదానానికి తీసుకురావాలనుకునే తల్లిదండ్రులు ముందుగా వైద్యుణ్ణి సంప్రదించాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో కొందరికి మెడ పైభాగంలోని కీలు వదులుగా ఉంటుంది కనుక, పరీక్ష పూర్తయ్యే వరకు పిల్లిమొగ్గలు వేయించరాదు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా వినే పిల్లలు రెండు రకాల ఆదేశాలకు తికమకపడవచ్చు కాబట్టి, పరుగుకు ఒకే మాటను నిర్ణయించుకుని, ప్రతిరోజూ దానినే వాడాలి. ముగ్గుపిండితో గీత గీసి, ఒకసారికి ఒక్క సూచన మాత్రమే ఇచ్చి, స్వయంగా చేసి చూపాలి. ఈల శబ్దానికి ఉలిక్కిపడేవారి కోసం చప్పట్లే మేలని నా అభిప్రాయం. చాలామంది ముగింపు గీత కనబడగానే ఆగిపోతారు. అందుచేత తల్లిని గీతకు పది అడుగుల అవతల చేతులు చాచి నిలబెట్టాలి.

మేధో వైకల్యం ఉన్నవారి కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్ పోటీలకు ఎనిమిదేళ్లు నిండితే చాలు, గరిష్ఠ వయోపరిమితి లేదు. అక్కడ వయసుతో పాటు సామర్థ్యాన్ని బట్టి కూడా పోటీదారులను విభాగాలుగా విడదీస్తారు కనుక, వారంవారం నమోదు చేసే సమయాలు నిజాయితీగా ఉండాలి.