లింకన్‌ను తేదీలు పక్కన పెట్టుకుని చదవండి

అబ్రహం లింకన్ గురించి తెలుసుకుందామని కూర్చుంటే మొదట దొరికేది ఒక నీతికథ. దుంగలతో కట్టిన ఒంటిగది ఇంట్లో పుట్టాడు, కష్టపడి చదువుకున్నాడు, ప్రెసిడెంట్ అయ్యాడు, బానిసలను విడిపించాడు, నాటకం చూస్తుండగా కాల్చి చంపారు. ఇందులో పెద్ద అబద్ధమేమీ లేదు, కానీ మనిషి కూడా కనబడడు. నేను చాలాకాలంగా ఆయన్ను చదువుతున్నాను, మొదట్లో చేసిన పొరపాటు ఏంటంటే జీవితచరిత్రలతో మొదలుపెట్టడం. అవి రాసినవాళ్ల అభిమానమో కోపమో ముందే మనకు అంటుకుంటుంది, ఆ తర్వాత లింకన్ వాక్యం ఏది చదివినా అదే అడ్డొస్తుంది. అందుకే కొత్తవాళ్లు ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: ముందు ఆయన రాసిందే చదవండి, ప్రతి కాగితం పక్కన అది ఏ రోజు, ఎవరితో అన్నాడో రాసుకోండి. ఒక నోట్‌బుక్ చాలు. ఎడమవైపు ఆయన మాట, కుడివైపు తేదీ, విన్నవాళ్లు, ఆ వారం జరిగిన సంగతులు.

మొదలుపెట్టే ముందు కొంత చెత్త ఏరేయాలి. కొడుకును బడిలో చేర్చేటప్పుడు లింకన్ టీచర్‌కు రాశాడంటూ తిరిగే ఉత్తరం మీకూ వచ్చే ఉంటుంది. అది ఆయన రాసినట్టు ఎక్కడా ఆధారం లేదు. నేనూ చాలాకాలం నిజమేననుకున్నాను, తెలిసినప్పుడు మనసు చివుక్కుమంది కూడా. కొందరిని కొంతకాలం మోసం చేయవచ్చు, అందరినీ ఎల్లకాలం చేయలేరు అనే మాటకూ ఆయన బతికున్న కాలంలోని రుజువు లేదు. బలవంతుణ్ని బలహీనపరిచి బలహీనుణ్ని బలపరచలేమంటూ సాగే సూక్తులు 1916లో విలియం బోట్కర్ అనే ఆయన రాసినవి, అప్పటికి లింకన్ పోయి యాభై ఏళ్లు దాటింది. ఇక ఓటముల జాబితా. అన్నిట్లో ఓడిపోయి చివరికి 1860లో గెలిచాడని చెప్పే ఆ ఫార్వర్డ్‌లో 1834, 1836, 1838, 1840లలో వరసగా నాలుగుసార్లు ఇల్లినాయ్ శాసనసభకు గెలిచిన సంగతి ఉండదు, 1846లో కాంగ్రెస్‌కు గెలిచిందీ ఉండదు, రైల్వే కంపెనీ కేసులు వాదించిన పేరున్న లాయరన్నదీ ఉండదు. ఏదైనా కొటేషన్ చూసి అనుమానమొస్తే ఆయన రచనలన్నీ కలిపి 1953లో 8 సంపుటాలుగా వేసిన సంకలనంలో వెతకండి, మిషిగన్ యూనివర్సిటీ దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అందులో లేకపోతే దాన్ని ఎవరికీ పంపకండి.

ఇంకో జాగ్రత్త, ఇది ముఖ్యంగా తెలుగులో చదివేవాళ్లకు. ఈ కథలో ఇద్దరు డగ్లస్‌లు ఉన్నారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా ఉంది, తెలుగులో రాస్తే అదీ పోతుంది. స్టీఫెన్ డగ్లస్ లింకన్‌కు రాజకీయ ప్రత్యర్థి, 1858లో ఇద్దరూ ఏడు ఊళ్లలో ఏడు చర్చలు చేశారు. ఫ్రెడరిక్ డగ్లస్ బానిసత్వంలో పుట్టి, తప్పించుకుని, దాని మీద జీవితాంతం పోరాడిన నల్లజాతి నాయకుడు. నోట్‌బుక్‌లో ఒట్టి డగ్లస్ అని రాసుకోవద్దు, పూర్తి పేరు రాయండి.

బాల్యం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. 1809 ఫిబ్రవరి 12న కెంటకీలో పుట్టాడు, ఏడేళ్లప్పుడు కుటుంబం ఇండియానాకు వెళ్లింది, తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. బడికి వెళ్లిన రోజులన్నీ కలిపినా ఏడాది కాదు. ఈ నాలుగు ముక్కలు చాలు, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

అసలు చదువు 1854 అక్టోబర్ 16న మొదలుపెట్టండి. ఆ రోజు పియోరియాలో చేసిన ప్రసంగం చాలా పొడుగు, ఓపిక పట్టండి. బానిసత్వం ఘోరమైన అన్యాయమని అంటాడు, అదే ప్రసంగంలో భూమ్మీది అధికారమంతా చేతికిచ్చినా ఇప్పటికే ఉన్న బానిసత్వాన్ని ఏం చేయాలో తనకు తెలియదని కూడా ఒప్పుకుంటాడు. ఈ రెండో మాటను చాలామంది దాటేస్తారు. దాటేయకండి. దాని తర్వాత 1858 సెప్టెంబర్ 18, ఇల్లినాయ్‌లోని చార్ల్‌స్టన్. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైన చార్ల్‌స్టన్ వేరు, అది సౌత్ కరోలినాలో ఉంది. ఇక్కడ ఆయన తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ సామాజిక, రాజకీయ సమానత్వం తనకు సమ్మతం కాదని జనం ముందు అన్నాడు, నల్లవాళ్లకు ఓటు హక్కు ఇవ్వాలని కూడా తాను అనడం లేదన్నాడు. చదువుతుంటే బాధేస్తుంది. దీన్ని సమర్థించే పని మీరు పెట్టుకోవద్దు, ఇది చూసి పుస్తకం మూసేయనూ వద్దు. తేదీ రాసుకుని ముందుకెళ్లండి, ఏడేళ్ల తర్వాత ఈ పేజీతో మళ్లీ పని పడుతుంది.

ఇప్పుడు 1862 ఆగస్టు. తేదీలు పక్కన పెట్టుకోవడం ఎందుకో ఈ ఒక్క నెల చూస్తే అర్థమవుతుంది. ఆగస్టు 22న హోరేస్ గ్రీలీ అనే పత్రికా సంపాదకుడికి లింకన్ ఒక ఉత్తరం రాశాడు. ఈ పోరులో తన లక్ష్యం యూనియన్‌ను, అంటే రాష్ట్రాలన్నీ కలిసిన దేశాన్ని, కాపాడటమేనని, ఒక్క బానిసనూ విడిపించకుండా అది సాధ్యమైతే అలాగే చేస్తానని, అందరినీ విడిపిస్తేనే సాధ్యమైతే అదే చేస్తానని దాని సారాంశం. ఈ వాక్యాల స్క్రీన్‌షాట్ పెట్టి, చూశారా, ఆయనకు బానిసల మీద పట్టింపే లేదు అనేవాళ్లు చాలామంది. సరే, నోట్‌బుక్‌లో ఒక నెల వెనక్కి తిప్పండి. జులై 22న, అంటే ఆ ఉత్తరానికి సరిగ్గా నెల ముందు, బానిసల విముక్తి ప్రకటన ముసాయిదాను ఆయన తన కేబినెట్‌కు చదివి వినిపించాడు. యుద్ధంలో ఓడిపోతున్నప్పుడు ప్రకటిస్తే దిక్కుతోచక చేసినట్టుంటుంది, ఒక విజయం వచ్చేదాకా ఆగండి అని విదేశాంగ మంత్రి సీవార్డ్ సలహా ఇచ్చాడు, ఆయన ఆగాడు. గ్రీలీకి ఉత్తరం రాసే నాటికి ఆ కాగితం సిద్ధంగానే ఉంది. పైగా ఆ ఉత్తరం చివర, మనుషులందరూ ఎక్కడైనా స్వేచ్ఛగా ఉండాలన్న తన వ్యక్తిగత కోరిక మారలేదని ఒక మాట ఉంటుంది, స్క్రీన్‌షాట్లలో అది కత్తిరించి ఉంటుంది.

అంతటితో ఆయన గొప్పవాడని తేల్చేసి లేచిపోవద్దు. అదే ఆగస్టు 14న నల్లజాతి ప్రతినిధులను వైట్‌హౌస్‌కు పిలిచి, మీ వాళ్లు ఈ దేశం వదిలి వేరేచోట స్థిరపడితే ఇద్దరికీ మంచిది అని చెప్పాడు. ముసాయిదా, ఆ మాటలు, ఆ ఉత్తరం, మూడూ ముప్పై రెండు రోజుల్లో జరిగినవి. ఏ ఒక్కటి తీసేసినా లెక్క తప్పుతుంది.

సెప్టెంబర్ 17న యాంటీటమ్ యుద్ధం, ఆయన ఎదురుచూసిన విజయం అదే, 22న తొలి ప్రకటన, 1863 జనవరి 1న తుది ప్రకటన. ఈ తుది పత్రాన్ని తప్పకుండా మొత్తం చదవండి, చదివితే నిరాశ పడతారు, అదీ అవసరమే. గొప్ప వాక్యాలేమీ లేవు, రిజిస్ట్రార్ ఆఫీసు కాగితంలా ఉంటుంది. లూసియానాలో ఏ ఏ ప్రాంతాలకు వర్తించదో పేరుపేరునా రాసి ఉంటుంది: సెయింట్ బెర్నార్డ్, జెఫర్సన్, ఆర్లీన్స్ అంటూ. యూనియన్‌లోనే ఉండిపోయిన డెలవేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీలలోని బానిసలకూ అది వర్తించలేదు. ఎందుకంటే తిరుగుబాటు చేసిన ప్రాంతాల మీద సర్వసైన్యాధ్యక్షుడిగా యుద్ధ అవసరం పేరుతో ఇచ్చిన ఆదేశం అది, మామూలు సమయంలో ప్రెసిడెంట్‌కు ఆ అధికారం లేదు. ఆ పొడి భాష వెనక కోర్టులో కొట్టేయకుండా నిలబడాలన్న లాయర్ జాగ్రత్త ఉంది. చివర్లో చిన్నగా, విడుదలైనవాళ్లను సైన్యంలోకి తీసుకుంటామని ఉంటుంది. యుద్ధం ముగిసేసరికి దాదాపు 1,80,000 మంది నల్లజాతి సైనికులు యూనియన్ సైన్యంలో పనిచేశారు. వాళ్లకు నెలకు 10 డాలర్లు, అందులో 3 డాలర్లు బట్టలకు కోత, తెల్ల సైనికుడికి 13. దీని మీదే 1863 ఆగస్టులో ఫ్రెడరిక్ డగ్లస్ నేరుగా వైట్‌హౌస్‌కు వెళ్లి లింకన్‌ను నిలదీశాడు. జీతాలు సమానం చేసే చట్టం 1864 జూన్‌లో గానీ రాలేదు.

ఇక్కడ కాస్త విరామంగా ఒక ఉత్తరం చదవండి. గెటిస్‌బర్గ్‌లో మూడు రోజుల యుద్ధం గెలిచాక జనరల్ మీడ్, ఓడిన దక్షిణాది జనరల్ లీ సైన్యాన్ని పోటోమాక్ నది దాటి పోనిచ్చాడు. 1863 జులై 14న లింకన్ మీడ్‌కు ఉత్తరం రాశాడు, బంగారం లాంటి అవకాశం చేజారింది, నా బాధకు అంతులేదు అని. రాసి, కవర్‌లో పెట్టి, కవర్ మీద తన చేత్తోనే జనరల్ మీడ్‌కు, పంపలేదు, సంతకం చేయలేదు అని రాసి దాచేశాడు. కోపం మొత్తం కాగితం మీదే ఉంది, పంపకూడదన్న నిర్ణయం కవర్ మీద ఉంది. నాకు ఆయన రాతలన్నిట్లో ఇదే ఎక్కువ ఇష్టం.

గెటిస్‌బర్గ్ ప్రసంగం సుమారు 270 మాటలే, 1863 నవంబర్ 19. బట్టీ పట్టే ముందు మొదటి వాక్యంలోని లెక్క చేయండి. నాలుగు ఇరవైలూ ఏడు, 87. 1863లోంచి 87 తీస్తే 1776. అంటే దేశం పుట్టిన రోజుగా ఆయన ఎంచుకున్నది బానిసత్వంతో రాజీపడిన రాజ్యాంగాన్ని కాదు, మనుషులంతా సమానమన్న స్వాతంత్ర్య ప్రకటనను. ఆయన చేతిరాతలో ఐదు ప్రతులు మిగిలాయి, మాటల్లో చిన్న చిన్న తేడాలున్నాయి, కాబట్టి రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడకండి.

1864 ఏప్రిల్ 4న హాడ్జెస్ అనే కెంటకీ సంపాదకుడికి రాసిన ఉత్తరం తర్వాత చదవండి. బానిసత్వం తప్పు కాకపోతే ఇంకేదీ తప్పు కాదని అంటూనే, సంఘటనలను నేను నడిపించలేదు, అవే నన్ను నడిపించాయని ఒప్పుకుంటాడు. 1865 మార్చి 4 నాటి రెండో ప్రమాణ స్వీకార ప్రసంగంలో అందరూ చివరి పేరా, ఎవరి మీదా ద్వేషం వద్దనే మాట, చెబుతారు. మీరు దాని పై పేరా చదవండి. కొరడా దెబ్బకు కారిన ప్రతి రక్తపు బొట్టుకూ కత్తితో కారిన మరో బొట్టు చెల్లయ్యేదాకా యుద్ధం సాగాలని దేవుడు అనుకుంటే అదీ న్యాయమే అంటాడు, అందులో ఉత్తరాదికీ వాటా పెడతాడు. 6 నుంచి 7 లక్షల పైచిలుకు మంది చనిపోయారని అంచనాలున్న యుద్ధం చివర్లో, గెలుస్తున్నవాడు చెప్పిన మాట అది.

ఇష్టం పెరిగే కొద్దీ ఇబ్బందికరమైన పేజీలు తిప్పేయాలనిపిస్తుంది, అందుకే వాటికి విడిగా ఒక రోజు కేటాయించండి. 1861లో హెబియస్ కార్పస్‌ను, అంటే నిర్బంధించినవాళ్లను కోర్టు ముందుకు తేవాలని అడిగే హక్కును, నిలిపేయడం, దాని మీద ప్రధాన న్యాయమూర్తి టానీ అభ్యంతరం. 1862 డిసెంబర్ 26న మిన్నెసోటాలోని మాంకాటోలో 38 మంది డకోటా ఆదివాసులకు ఒకేసారి ఉరి. 303 మందికి పడిన శిక్షల రికార్డులు తెప్పించుకుని, చదివి, ఎక్కువమందిని తప్పించింది లింకనే, ఆ 38 పేర్లకు అనుమతి ఇచ్చిందీ లింకనే. అదే ఏడాది మే 20న వచ్చిన హోమ్‌స్టెడ్ చట్టం ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చింది, ఆ నేల ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా పక్కన రాసుకోండి.

చివరికి 1865 ఏప్రిల్ 11, వైట్‌హౌస్ కిటికీ నుంచి మాట్లాడిన ఆఖరి ప్రసంగం. నల్లవాళ్లలో బాగా తెలివైనవాళ్లకూ సైనికులుగా పనిచేసినవాళ్లకూ ఓటు ఉంటే బాగుంటుందని అందులో బహిరంగంగా అన్నాడు. ఇప్పుడు చార్ల్‌స్టన్ పేజీ తీసి దీని పక్కన పెట్టండి. ఆ గుంపులో నిలబడి విన్నవాళ్లలో జాన్ విల్క్స్ బూత్ ఒకడు. మూడు రోజుల తర్వాత, 14వ తేదీ రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో కాల్చాడు, మర్నాడు ఉదయం 7:22కు లింకన్ చనిపోయాడు. బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసిన 13వ సవరణ డిసెంబర్‌లో అమల్లోకి వచ్చే నాటికి ఆయన లేడు. ఆ రాత్రి ఆయన జేబుల్లో ఉన్నవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఫొటోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి: రెండు జతల కళ్లజోళ్లు, ఒకదానికి దారం కట్టి ఉంటుంది, ఒక చాకు, రుమాలు, కొన్ని పేపర్ కటింగ్‌లు.

ఇదంతా అయ్యాకే వేరేవాళ్లు ఆయన గురించి ఏమన్నారో చూడండి, అదీ ఫ్రెడరిక్ డగ్లస్‌తో మొదలుపెట్టి. 1876 ఏప్రిల్ 14న, కాల్పులు జరిగి సరిగ్గా పదకొండేళ్లకు, వాషింగ్టన్‌లో లింకన్ విగ్రహం ఆవిష్కరణ సభలో చేసిన ప్రసంగం అది. తెల్లవాళ్లు లింకన్‌కు సొంత బిడ్డలు, మేము మహా అయితే సవతి బిడ్డలం అన్నాడు. బానిసత్వ వ్యతిరేకుల వైపు నుంచి చూస్తే లింకన్ నెమ్మదిగా, చల్లగా, పట్టనట్టు కనిపించాడని, దేశంలో అప్పటి జనం మనోభావాలతో కొలిస్తే మాత్రం వేగంగా, పట్టుదలతో నడిచాడని అన్నాడు. విగ్రహం ముందు నిలబడి, అప్పటి ప్రెసిడెంట్ గ్రాంట్ వింటుండగా అన్నాడు. ఆ ప్రసంగం పూర్తి చేసి, 1862 ఆగస్టు 22 నాటి ఉత్తరం మళ్లీ ఒకసారి తెరవండి.