11 కేవీ కేబుల్‌కు మెగ్గర్ పెట్టేవారికి జాగ్రత్తలు: ఎర్త్ తీయడానికి తొందర వద్దు

ఏనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి రావడానికి ఇంకా కొన్ని వారాలు ఉండగానే వరంగల్, పరకాల, జమ్మికుంట చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లుల్లో మరమ్మతులు మొదలవుతాయి. నెలల తరబడి లోడు లేకుండా పడి ఉన్న 11 కేవీ కేబుళ్లకు, వానాకాలమంతా నీళ్లు నిలిచిన ట్రెంచుల్లో నానిన కేబుళ్లకు మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీ ఇచ్చి ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే పరికరం) పెట్టి చూసుకోవడం ఈ మరమ్మతుల్లో ఒకటి. మొన్న అటువంటి ఒక మిల్లులో, పరీక్ష సజావుగా ముగిసి రీడింగు కూడా బాగా వచ్చిన తరువాత, డీపీ (జంట) స్తంభం మీద లగ్గు (కేబుల్ కొనకు ఉండే లోహపు బిగింపు ముక్క) బిగించబోయిన సహాయకుడు షాక్ తగిలి కింద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లైనును విడదీసే ఏబీ స్విచ్ తెరిచే ఉంది, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తీసుకునే ఉన్నారు, లైనులో కరెంటు లేదు. అతన్ని కొట్టింది అప్పుడే పరీక్షించిన కేబుల్.

ఎల్‌సీ తీసుకోవాలని, హెల్మెట్ పెట్టుకోవాలని ఈ పని చేసేవారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర లేదు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. మనుషులను దెబ్బతీస్తున్న తప్పు ఒక్కటే, అది పరీక్ష అయిపోయాక జరుగుతున్నది. ఎర్త్ వైరు ఒకసారి తాకించి, నిప్పురవ్వ రాగానే తీసేసి, కేబుల్ ఖాళీ అయిందని నమ్మడమే ఆ తప్పు. "అన్నా, ఎర్తు తగిలిచ్చిన, టప్పుమన్నది, అయిపోయింది" అని కింది నుంచి కేక వినబడగానే పైనున్నవాడు గ్లౌజులు తీసి స్పానర్ అందుకుంటాడు. ఆ టప్పుమన్న శబ్దం చార్జ్‌లో ఎక్కువ భాగం పోయిందని మాత్రమే చెబుతుంది, మొత్తం పోయిందని చెప్పదు.

కేబుల్ చార్జ్‌ను ఎలా పట్టి ఉంచుతుంది

కోర్ (లోపలి తీగ) ఒక పలక, దాని చుట్టూ ఉన్న స్క్రీన్ (లోహపు పొర) మరో పలక, మధ్యలో ఇన్సులేషన్ ఉండడం వల్ల ప్రతి కేబుల్ ఒక పొడవాటి కెపాసిటరే అవుతుంది. 240 చదరపు మిల్లీమీటర్ల 11 కేవీ ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్) కేబుల్‌కు కిలోమీటరుకు దాదాపు 0.4 మైక్రోఫారడ్ కెపాసిటెన్స్ ఉంటుంది. అలాంటి కిలోమీటరు కేబుల్ మీద 5 కేవీ మెగ్గర్ పెడితే అందులో నిలవ ఉండే శక్తి 5 జౌళ్లు. అదే కేబుల్‌కు 18 కేవీ డీసీ హైపాట్ (ఎక్కువ వోల్టేజీని తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) ఇస్తే, వోల్టేజీ వర్గంతో పాటు శక్తి పెరుగుతుంది కాబట్టి, 65 జౌళ్ల దగ్గరకు చేరుతుంది. మొదటిది మనిషిని స్తంభం మీద నుంచి విసిరేయడానికి సరిపోతుంది. రెండోది గుండెను ఆపగలదు. మిల్లులో కేబుల్ పొడవు రెండు మూడు వందల మీటర్లే ఉంటుంది కదా, ఈ లెక్కలు మనకెందుకు అనుకునేవారు, పైన చెప్పిన కుర్రవాడి తుంటి విరిగింది షాక్ వల్ల కాదనీ, షాక్‌కు ఉలిక్కిపడి పట్టు తప్పడం వల్లననీ గుర్తుంచుకోవాలి.

చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటి ఉంది. రీడింగు బాగా వస్తే కేబుల్ మంచిదనీ, కాబట్టి భయం లేదనీ అనుకుంటారు. నిజానికి రీడింగు ఎంత బాగుంటే చార్జ్ అంత ఎక్కువసేపు నిలుస్తుంది, ఎందుకంటే అది బయటికి కారిపోవడానికి దారి ఉండదు. పై కేబుల్‌కే 10 గిగా ఓమ్‌ల రీడింగు వచ్చిందనుకుందాం. దాన్ని ఎర్త్ చేయకుండా వదిలేస్తే 5 వేల వోల్టులు 37 శాతానికి పడిపోవడానికే గంట దాటుతుంది. అప్పటికీ లోపల 1,800 వోల్టులకు పైనే మిగిలి ఉంటాయి. చాయ తాగి వచ్చేలోపు అదే దిగిపోతుందిలే అనుకునేవారికి ఈ లెక్క చాలు.

ఎర్త్ ఒకసారి తాకించినా సరిపోకపోవడానికి కారణం వేరు. వోల్టేజీ కింద ఉన్నంతసేపు ఇన్సులేషన్ తన లోపలి పొరల్లోకి కొంత చార్జ్‌ను పీల్చుకుంటుంది. ఒక్క క్షణం ఎర్త్ చేస్తే పైపై చార్జ్ మాత్రమే పోతుంది. తడి బట్టను పిండి దండెం మీద వేసినా కాసేపటికి కింది అంచున నీళ్లు చేరినట్టు, లోపలిది మెల్లమెల్లగా పైకి వచ్చి కోర్ మీద మళ్లీ వోల్టేజీ నిలబడుతుంది. పీవీసీలోనూ, పాత బస్తీల్లో ఇంకా మిగిలి ఉన్న పేపర్ కేబుళ్లలోనూ ఇది ఎక్కువ. ఎక్స్‌ఎల్‌పీఈలో తక్కువే గాని, లేదని కాదు. తేమ పట్టిన పాత కేబుల్‌లో మళ్లీ పెరుగుతుంది. అందుకే ఎర్త్ తాకించి తీయవద్దు. తగిలించి ఉంచండి.

పరీక్షకు ముందు

కేబుల్‌కు రెండు కొనలు ఉంటాయి, పరీక్షించే మనిషి ఒక కొన దగ్గరే ఉంటాడు. రెండో కొన దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి, తాడు కట్టాలి, ఫోనులో కాకుండా నేరుగా చూసి రావాలి. మిల్లు పనుల కాలంలో అక్కడ ఎవరో ఒకరు పెయింటు వేస్తూనో, ప్యానెల్ తుడుస్తూనో ఉంటారు.

లైట్నింగ్ అరెస్టర్లు, పీటీలు (వోల్టేజీ కొలవడానికి పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు), ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కేబుల్ నుంచి విప్పాలి. ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) వైపు అయితే మోటార్ల డ్రైవులు, సాఫ్ట్ స్టార్టర్లు విప్పకుండా మెగ్గర్ పెడితే కేబుల్ బాగానే ఉంటుంది గాని లోపలి కార్డులు పోతాయి. మూడు కోర్లలో ఒకదాన్ని పరీక్షిస్తున్నప్పుడు మిగతా రెండూ స్క్రీన్‌తో కలిపి ఎర్త్ చేసి ఉండాలి. నల్లరేగడి నేలల్లో వేసవిలో మట్టి పగుళ్లు విచ్చి, వానకు ఉబ్బి, జాయింట్లను లాగుతుంది. అందువల్ల పరకాల వైపు మిల్లుల్లో రీడింగు తక్కువగా వస్తే టెర్మినేషన్ (కేబుల్ కొనను ముగించే అమరిక)తో పాటు జాయింట్‌ను కూడా అనుమానించాలి. అయితే ముందుగా టెర్మినేషన్ కిట్టును పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైపైన కారే కరెంటును లెక్కలోకి రానివ్వని గార్డ్ టెర్మినల్ కలిపి మళ్లీ చూడండి. పత్తి దుమ్మూ తేమా కలిసి కిట్టు మీద పేరుకున్న పొరే సగం కేసుల్లో దొంగ.

ఎంత వోల్టేజీ

11 కేవీ కేబుల్‌కు 5 కేవీ మెగ్గర్, 1.1 కేవీ కేబుల్‌కు 1000 వోల్టుల మెగ్గర్ సరిపోతాయి. ఏళ్ల తరబడి నడిచిన ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌కు ఇంకా పెద్ద పరీక్ష కావాలంటే డీసీ హైపాట్ అడగవద్దు. నీరు చేరిన చోట్ల డీసీ వల్ల చార్జ్ చిక్కుకుపోయి, పరీక్షలో నెగ్గిన కేబుల్ లైను ఇచ్చిన తరువాత ఫెయిల్ కావచ్చు. 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ) సెట్టు అద్దెకు తెప్పించుకోవడం మేలు. 50 హెర్ట్జ్‌తో పోలిస్తే దానికి చార్జింగ్ కరెంటు 500 రెట్లు తక్కువ కావాలి కాబట్టి సెట్టు చిన్నది, పని నమ్మదగినది. వీఎల్‌ఎఫ్ అయినా ఆపిన క్షణంలో కేబుల్‌లో ఎంతో కొంత వోల్టేజీ మిగిలే ఉంటుంది. ఎర్త్ విషయంలో దానికి మినహాయింపు లేదు.

ఎర్త్ చేసే పద్ధతి

కొత్త డిజిటల్ మెగ్గర్లు ఆపగానే తమంతట తామే డిశ్చార్జ్ చేస్తాయి. లీడ్లు కేబుల్‌కు కలిసి ఉన్నంతవరకే చేస్తాయన్న సంగతి మరిచిపోయి, బటన్ నొక్కిన వెంటనే క్లిప్పు ఊడదీసేవారు ఎంతోమంది. తెర మీద వోల్టేజీ సున్నాకు వచ్చేవరకు క్లిప్పు ముట్టుకోకూడదు. చేత్తో తిప్పే పాత మెగ్గర్ వాడేవారి అలవాటు మరీ ప్రమాదకరం. కేబుల్‌లోని చార్జ్ మీటరులోకి తిరిగి రాకుండా ఉండటానికి, హ్యాండిల్ తిరుగుతుండగానే లైన్ లీడు తీసేయడం ఆ కాలపు పద్ధతి. మీటరు బతుకుతుంది, కేబుల్ మాత్రం పూర్తి వోల్టేజీతో అక్కడే ఉంటుంది.

డిశ్చార్జ్ రాడ్ (చార్జ్‌ను ఎర్త్‌కు దింపే కర్ర) క్లాంపును ముందుగా కేబుల్ స్క్రీన్ ఎర్త్ మీద బిగించాలి. చార్జ్ ఉన్నది కోర్‌కూ స్క్రీన్‌కూ మధ్య కాబట్టి, ఎక్కడో పొడి మట్టిలో దిగేసిన ఇనుప చువ్వకు కలిపి సరిపెట్టుకోవడం పనికిరాదు. ఆ తరువాత రెసిస్టర్ ఉన్న కొనను కోర్‌కు తాకించి, శబ్దం ఆగాక నేరుగా ఎర్త్ చేసి, క్లాంపు బిగించి వదిలేయాలి. ఎంతసేపు? పరీక్ష జరిగిన సమయానికి కనీసం నాలుగు రెట్లు. పది నిమిషాలు మెగ్గర్ పెడితే నలభై నిమిషాలు. హైపాట్ చేస్తే లగ్గు బిగించి ఆ పని ముగిసేదాకా ఉండనివ్వండి. ఎర్త్‌ను కేబుల్ దగ్గర ఉంచి మరో పని చూసుకుంటే సమయం వృథా కాదు. తీసేసి ఎదురుచూడటమే పిచ్చిపని.

ఇక వరుసగా చెబుతాను.

– ఎర్త్ తాకించి తీయవద్దు, తగిలించి ఉంచండి.

– ఒక కోర్ డిశ్చార్జ్ అయితే మూడూ అయినట్టు కాదు. ప్రతి కోర్‌కూ విడిగా చేయండి.

– టెస్టర్ పెన్ను వెలగలేదని నమ్మకండి. తాకకుండా పనిచేసే ఆ టెస్టర్లు ఏసీనే పసిగడతాయి, నిలిచి ఉన్న డీసీ చార్జ్‌కు గుడ్డివి.

– ఎర్త్ కట్టేటప్పుడు భూమి వైపు ముందు, కోర్ వైపు తరువాత. తీసేటప్పుడు కోర్ వైపు ముందు.

– గ్లౌజులను గాలి పట్టి చుట్టి చూడకుండా వేసుకోవద్దు. వేసుకున్నాక కూడా అవి డిశ్చార్జ్‌కు బదులు కావు.

– రెండో కొనలో పని చేయాల్సిన వ్యక్తికి ఎర్త్ ఉన్నదని చెప్పకండి, చూపించండి.

– వానలో, ఉదయం పొగమంచులో పరీక్షించకండి.

– స్తంభం మీద బెల్టు లేకుండా కేబుల్ కొన ముట్టుకోనివ్వకండి.

– పరీక్ష జరుగుతుండగా ఫోన్ వస్తే ఎత్తవద్దు.

– లైన్‌మన్ తొందరపడుతున్నాడని, ఎల్‌సీ గడువు అయిపోతున్నదని, యజమాని గడియారం చూస్తున్నాడని ఎర్త్ తీయకండి. ఎల్‌సీ సమయం పొడిగించమని అడగండి.

– లైను పక్కనే మరో 11 కేవీ లైను సమాంతరంగా పోతుంటే, దానివల్ల పుట్టే వోల్టేజీ కూడా ఎర్త్ తీసిన క్షణమే తిరిగి వస్తుంది. తీయవద్దు.

– ఎవరికైనా షాక్ తగిలితే ముందు సెట్టు ఆపి, రాడ్‌తో ఎర్త్ చేసి, అప్పుడే అతన్ని ముట్టుకోండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి మరొకరితో 108కు ఫోన్ చేయించండి. మట్టిలో పూడ్చిపెడదామనే పెద్దమనుషుల మాట విననే వద్దు.

– జట్టులోని మిగతావారికి ఇది తెలుసునని అనుకోవద్దు. ఎర్త్ తగిలించి ఉంచాలని పని మొదలవకముందే నోటితో చెప్పండి, వాళ్ల చేత చెప్పించండి.

– రిజిస్టరులో రీడింగుతో పాటు మరో మూడు గడులు గీయించండి: ఎర్త్ తగిలించిన సమయం, తీసిన సమయం, తీయమన్న మనిషి సంతకం. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ రోజు లైను ఇవ్వవద్దు.