దప్పళంలో ముక్క చెదరకుండా

మాఘమాసం చలికి వేడి అన్నంలో దప్పళం పోసుకుంటే ప్రాణం లేచొస్తుంది. కానీ ములక్కాడ ఉడికేలోపు గుమ్మడికాయ గుజ్జైపోతుంది. చింతపండు రసం ఎప్పుడు పోస్తామన్నదే కిటుకు. పులుపు తగిలాక ముక్క మెత్తబడటం బాగా నెమ్మదిస్తుంది.

నలుగురికి పావుకిలో ఆనపకాయ, 2 ములక్కాడలు, 2 ఉల్లిపాయలు కోసి 3 గ్లాసుల నీళ్లలో ఉప్పు, పసుపు వేసి 10 నిమిషాలు ఉడకనివ్వండి. తర్వాత పావుకిలో తీపి గుమ్మడి పెద్ద ముక్కలు, ఒక చిలగడదుంప వేయండి. ఈ సీజన్‌లో వైజాగ్ రైతుబజార్లలో చిలగడదుంపలు బాగుంటాయి, వదలకండి. 5, 6 నిమిషాలకు చాకు గుచ్చితే కొంచెం పట్టుగా దిగాలి. అప్పుడు నిమ్మకాయంత చింతపండు రసం, చెంచా కారం, చెంచా ధనియాల పొడి, చిన్న బెల్లం ముక్క వేయండి. ఇక కాసేపు మరిగినా ముక్క నిలుస్తుంది. పులుసు చిక్కబడటానికి 2 చెంచాల బియ్యప్పిండి చల్లనీళ్లలో కలిపి పోసి, మరో 5 నిమిషాలుంచి దించేయండి. మెంతులు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టండి. ఇంగువ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

బెండకాయకు ఈ పద్ధతి పనికిరాదు. ఉత్తి నీళ్లలో ఉడికితే జిగురొస్తుంది. వేయాలనుకుంటే నూనెలో వేయించి, చింతపండు పోశాకే వేయండి.